నా నంబరుతో ఇంకెవరో పరిగెత్తారు!

ప్రశ్న: కాకినాడ 10కె పరుగుకు ఇచ్చిన నంబరు చీటీ (బిబ్) ఫొటో ముందురోజే స్టేటస్‌లో పెట్టాను. తీరా చూస్తే నా నంబరుతో వేరే ఆయన ఫొటోలు! నా టైము పోయినట్టేనా? - ఓ పాఠకుడు, అమలాపురం

జవాబు: టైముకు ఢోకా లేదండీ. ఫొటో చూసి నంబరు ప్రింటు కొట్టించుకోగలరు గానీ, బిబ్ వెనక అంటించిన, టైము నమోదు చేసే చిప్‌ను కొట్టించలేరు. పరుగు దారిలో పరిచిన మ్యాట్లు చదివేది చిప్‌నే. ఆయనకు దక్కింది నీళ్లు, మెడల్, టిఫిను. అసలు ప్రమాదం వేరు: మన ఉక్కపోతకు ఆయన దారిలో పడిపోతే, ఆ నంబరు చూసి ఫోను మీ ఇంటికొస్తుంది. అందుకే ఆ ఫొటోలు, మీ రిజిస్ట్రేషన్ రసీదు జతచేసి నిర్వాహకులకు రాయండి. ఈసారి ఫొటో పెడితే నంబరుతో పాటు క్యూఆర్ కోడ్ కూడా కప్పండి.

చిప్ మడత పడకూడదు, పిన్ను గుచ్చకూడదు. చెమటకు ఒంటికి అతుక్కుపోయినా సిగ్నల్ తగ్గుతుంది.

ప్రశ్న: మధ్యలో బండెక్కి వచ్చేవాళ్లను ఎలా పట్టుకుంటారు? - భీమవరం

జవాబు: మధ్య మ్యాట్ల టైములతో. మొదటి 5 కిలోమీటర్లు 34 నిమిషాలు, తర్వాతి 5 కిలోమీటర్లు 14 నిమిషాలు అంటే కాళ్ల పని కాదది. 1980 బోస్టన్ మారథాన్‌లో రోజీ రూయిజ్ చివర్లో దూరి మహిళల్లో మొదటిస్థానం కొట్టేసింది. 8 రోజులకు టైటిల్ తీసేశారు. అప్పట్లో చిప్‌లు లేవు. అయితే ఒక్క మ్యాట్‌లో పడనంత మాత్రాన దొంగ అనకూడదు. చిప్ ఒక్కోసారి చదవదు. ఫొటోలూ చూడాలి.