బాధితుల మాట కోర్టు వింటుందా?

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే. నేను ఎల్‌ఎల్‌బీ రెండో ఏడు చదువుతున్నాను. మారణహోమం, ఊచకోత లాంటి ఘోర నేరాలపై దేశాలు చేసుకున్న ఒప్పందాల్లో బాధితులకూ హక్కులున్నాయని క్లాసులో చెప్పారు. నేరస్తుడికి శిక్ష పడటం సరే, బాధితులకు దక్కేదేమిటి? మన దేశంలో అవి చెల్లుతాయా?
ఒక విద్యార్థిని, పర్లాకిమిడి (గజపతి జిల్లా, ఒడిశా)

జవాబు: అమ్మా, బరంపురంలో నా దగ్గరికి వచ్చే బాధితులు డబ్బు సంగతి తర్వాత ఎప్పుడో అడుగుతారు. ముందు అడిగేది "మా కేసు ఎంతవరకు వచ్చిందమ్మా?" అనే. వాళ్లకు ఎవరూ కబురు చెప్పరు. అందుకే నీ ప్రశ్న నాకు చాలా ముఖ్యమైనదిగా తోచింది.

1948 నాటి జెనోసైడ్ (మారణహోమం) ఒప్పందంలో బాధితుల హక్కుల ఊసే లేదు. నేరాన్ని ఆపాలి, శిక్షించాలి, అంతే. ఆ తర్వాత యుగోస్లావియా, రువాండాల్లో జరిగిన ఘోరాల విచారణకు పెట్టిన ట్రిబ్యునళ్లలోనూ (ప్రత్యేక కోర్టుల్లోనూ) బాధితులు సాక్షులు మాత్రమే. సాక్ష్యం అయ్యాక ఇంటికి పోవాల్సిందే. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టును ఏర్పరచిన 1998 రోమ్ ఒప్పందం దీన్ని మార్చింది. దాని 68వ అధికరణం కింద బాధితులు తమ లాయరు ద్వారా తమ గోడు, అభిప్రాయం ఆ కోర్టుకు చెప్పుకోవచ్చు. 75వ అధికరణం కింద పరిహారం కోరవచ్చు.

పరిహారం ఎలా వస్తుందో చూడు. కాంగోలోని బొగోరో ఊరిపై 2003 ఫిబ్రవరిలో దాడి జరిగింది. కటంగా అనే సాయుధ ముఠా నాయకుడు దోషి అని ఆ కోర్టు 2014లో తేల్చింది. 2017లో 297 మందికి తలా 250 డాలర్లు ఇవ్వమన్నారు. ఇల్లు, చదువు, ఉపాధి, మానసిక వైద్యం లాంటి సాయం కూడా కలిపారు. అతని దగ్గర డబ్బు లేదు కాబట్టి భారం ఆ కోర్టు బాధితుల కోసం పెట్టిన నిధి మీద పడింది. దాడి జరిగిన పద్నాలుగేళ్లకు! 250 డాలర్లు పోయిన ప్రాణానికి ఖరీదు కాదు. "నీకు అన్యాయం జరిగింది" అని కోర్టు పేరుపేరునా ఒప్పుకోవడం మాత్రం చిన్న సంగతి కాదని నా నమ్మకం.

మన దేశం రోమ్ ఒప్పందంలో చేరలేదు. జెనోసైడ్ ఒప్పందాన్ని 1959లో ఆమోదించినా, దానికి విడిగా చట్టం చేయలేదు. మానవాళిపై నేరాల గురించి కొత్త ఒప్పందం కోసం 2028, 2029లలో ఐక్యరాజ్యసమితి సమావేశాలు జరపాలని 2024 డిసెంబరులో నిర్ణయించారు. ముసాయిదాలో బాధితులకు పరిహార హక్కు ఉంది. అది చివరిదాకా నిలవాలని గట్టిగా కోరుకుంటున్నాను.

ఈలోగా మన చేతిలో ఉన్న చట్టాన్ని చదువుకో. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో 15ఏ సెక్షన్ 2016 జనవరి నుంచి అమల్లో ఉంది. బెయిలు సహా ప్రతి విచారణ గురించీ బాధితులకు ముందే తెలియజేయాలి. వాళ్ల మాట వినాలి. విచారణకు వచ్చే ప్రయాణ ఖర్చులూ ఇవ్వాలి. మన జిల్లాల్లో సవర (సవర గిరిజనుల భాష), తెలుగు తప్ప రానివాళ్లకు ఒడియాలో నోటీసు చేతిలో పెడితే తెలియజేసినట్టా? కాదని నేను వాదిస్తాను. పేదరికం, చదువులేమిని దృష్టిలో పెట్టుకొని మర్యాదగా చూడాలని అదే సెక్షన్ చెబుతోంది. దుబాసీ కావాలని రాతపూర్వకంగా అడగాలి. లాయరు ఫీజుకు స్తోమత లేనివాళ్లకు ఉచిత న్యాయ సహాయ నంబరు 15100 ఇవ్వు.