‘అమ్మ వచ్చాడు’ అంటున్న మనవడు

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురం. మా మనవడికి రెండున్నరేళ్ళు. ఇంట్లో తెలుగు, వీధిలోనూ అంగన్‌వాడీలోనూ ఒడియా వింటాడు. రెండూ కలిపేస్తాడు, ‘అమ్మ వచ్చాడు’ అంటాడు. రెండు భాషలతో పిల్లవాడి ఆలోచన తడబడుతుందనీ, ఇంట్లో కూడా ఒడియాయే మాట్లాడమనీ తెలిసినవారు చెబుతున్నారు. తెలుగు మానేయాలా?
— ఒక నాయనమ్మ

జవాబు: మానవద్దమ్మా. ఒడియాలో ‘సే ఆసిలా’ అంటే సందర్భాన్ని బట్టి ‘అతను వచ్చాడు’ కావచ్చు, ‘ఆమె వచ్చింది’ కావచ్చు. అక్కడ క్రియ ఆడ, మగ తేడాను చూపదు. తెలుగు క్రియ చూపక తప్పదు కనుక, ఆ తేడాను మీ మనవడు తెలుగు వింటేనే పట్టుకోగలడు. ఇంట్లో తెలుగు తగ్గిస్తే, వాడు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న పాఠాన్ని మధ్యలో ఆపినట్లవుతుంది. తప్పని గద్దించనక్కరలేదు, ‘అవును నాన్నా, అమ్మ వచ్చింది, జామకాయలు తెచ్చింది’ అని మీ మాటలో సరైన రూపం వినిపిస్తే చాలు.

పసివాళ్ళ చెవి మనం అనుకునేదానికన్నా ఎంతో సూక్ష్మమైనది. జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన పరిశోధనలో, ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ళలోని 6–8 నెలల పిల్లలు హిందీలోని త, ట ధ్వనుల తేడాను గుర్తుపట్టారు. అది తమ ఇంటి భాషకు అవసరం లేనిది కనుక ఏడాది నిండేసరికి ఆ శక్తి చాలావరకు సన్నగిల్లింది. రెండు భాషలు వినే బిడ్డ రెండింటికీ చెవిని సిద్ధం చేసుకుంటాడు. ఒక భాషలో మాట అందనప్పుడు రెండోదానిలోంచి తెచ్చుకోవడం తికమక కాదు, ఉన్న మాటలతో పని జరుపుకోవడం.

ఇక ఆలోచన సంగతి. తెలుగులో ‘ఆమె వచ్చింది’, ‘ఆవు వచ్చింది’ అని ఒకే క్రియ వాడుతున్నంత మాత్రాన మనం మనిషినీ పశువునూ ఒకటిగా చూడటం లేదు కదా! వ్యాకరణం ఆలోచనకు సంకెల కాదు. అయితే భాష మన గమనాన్ని కొంత మళ్ళిస్తుంది: ‘మనం’ అనాలా ‘మేము’ అనాలా అన్నప్పుడు, ఎదుటివారిని కలుపుకోవాలా వద్దా అని తెలుగువారు ప్రతిసారీ తేల్చుకోవలసిందే.

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. రెండేళ్ళు నిండిన బిడ్డ రెండు భాషల్లో దేనిలోనూ ‘అమ్మా, పాలు’ వంటి రెండు మాటలు జతచేయకపోతే, భాషను తప్పుపట్టకుండా ముందుగా వినికిడి పరీక్ష చేయించాలి. మీ మనవడు ఆ దశ దాటాడని మీ ఉత్తరమే చెబుతోంది.