స్టార్ ట్రెక్ పాత సీరియల్ బ్లూ-రే కొనొచ్చా? గ్రాఫిక్స్ మార్చేశారంటున్నారు, నిజమేనా?

కొనండి, నిశ్చింతగా కొనండి. చిన్నప్పుడు దూరదర్శన్‌లో చూసిన స్టార్ ట్రెక్‌నే మళ్లీ చూడాలని మీ కోరిక. డబ్బు పెట్టి తెప్పిస్తే కంప్యూటర్ గ్రాఫిక్స్ అతికించిన సరుకు చేతిలో పెడతారేమోనని మీ అనుమానం. గ్రాఫిక్స్ మార్చిన మాట నిజమే, కానీ పాతవి తీసెయ్యలేదు. 2009లో మూడు సీజన్లూ వరసగా బ్లూ-రే అనే హెచ్‌డీ డిస్కుల మీదికి వచ్చినప్పుడు పాత ఎఫెక్ట్సూ కొత్త ఎఫెక్ట్సూ రెండూ అవే డిస్కుల్లో పెట్టారు. ఏది కావాలో మెనూలో మనమే ఎంచుకోవచ్చు. నేను ఓటీటీల్లో చూసినంతవరకు ఎక్కువగా కనిపించింది మార్చిన రూపమే. అందుకే ఈ సెట్ మీద ఖర్చు పెట్టడం దండగ కాదంటాను.

అసలు ఎందుకు మార్చారో తెలిస్తే మీకు ఎంచుకోవడం సులువవుతుంది. 1966 సెప్టెంబరు నుంచి 1969 జూన్ దాకా అమెరికాలో ఎన్‌బీసీ అనే టీవీ చానల్లో వచ్చిన అంతరిక్ష సీరియల్ అది. టీవీ కోసమే అయినా తీసింది మాత్రం 35 ఎంఎం ఫిల్ము మీద. అప్పటి టీవీలు చూపించలేని వివరం ఎంతో ఆ నెగెటివ్‌లో భద్రంగా ఉండిపోయింది. 2006లో దాన్ని హెచ్‌డీలో స్కాన్ చేస్తే నటుల ముఖాలు, సెట్లు, బట్టల నేత అన్నీ కొట్టొచ్చినట్టు కనబడ్డాయి. చిక్కల్లా అంతరిక్ష నౌక షాట్లతోనే వచ్చింది. నౌకను ఒకసారి, నక్షత్రాలను ఒకసారి, గ్రహాన్ని ఒకసారి తీసి, అన్నిటినీ ఆప్టికల్ ప్రింటర్ అనే యంత్రం మీద ఇంకో ఫిల్ముకి ఎక్కించేవాళ్లు. అలా కాపీ చేసిన ప్రతిసారీ గరుకుదనం, దుమ్ము, అంచుల్లో గీతలు పెరుగుతాయి. పక్కనున్న షాట్లు అద్దంలా ఉంటే ఇవి మసగ్గా తేలాయి. అందుకని వాటిని కంప్యూటర్‌లో కొత్తగా చేశారు. టైటిల్ సంగీతం కూడా మళ్లీ రికార్డు చేశారు.

కొత్తవి చేసినవాళ్లు శ్రద్ధగానే చేశారు, ఆ మాట ఒప్పుకోవాలి. అయినా నా సలహా మాత్రం మొదటిసారి పాత ఎఫెక్ట్స్‌తోనే చూడమని. ఆ నౌక నమూనా పదకొండు అడుగుల పైచిలుకు పొడవు. ఇప్పటికీ వాషింగ్టన్‌లోని జాతీయ వైమానిక, అంతరిక్ష మ్యూజియంలో ఉంది. నిజంగా ఉన్న వస్తువు మీద నిజంగా పడిన వెలుగు అది, ఎంత గరుకుగా ఉన్నా దాని బరువు తెలుస్తుంది. మనుషులు నౌకలో మెరుస్తూ మాయమై గ్రహం మీద తేలే ట్రాన్స్‌పోర్టర్ దృశ్యం దగ్గర ఒకసారి ఆపి చూడండి. కాంతి ముందు అల్యూమినియం పొడి రాలుస్తూ, కెమెరా తలకిందులుగా పెట్టి తీశారు దాన్ని. బ్లూ-రేలో ఆ రవ్వలు ఒక్కొక్కటీ విడివిడిగా మెరుస్తాయి. ప్రతి వారం గ్రహం మీద నౌకను దించే ఖర్చు భరించలేక పుట్టిన ఉపాయం, చివరికి ఆ సీరియల్‌కే గుర్తుగా మిగిలిపోయింది.

ధ్వని కూడా అంతే. చుట్టూ స్పీకర్లున్నవాళ్ల కోసం 7.1 మిక్స్ ఒకటి, ఒకే చానెల్‌లో వచ్చే అప్పటి మోనో ఒకటి ఉన్నాయి. పాత ఎఫెక్ట్స్ పెట్టుకున్నప్పుడు మోనోనే పెట్టుకోండి, రెండూ ఒకదానికొకటి కుదురుతాయి.

నేను దీన్ని మొదట చూసింది చిత్తూరులో, కట్టమంచి వైపు ఒక పెద్దాయన ఇంట్లో, ఆదివారం పొద్దున. మా దిక్కు అందరూ యాంటెన్నా మద్రాసు వైపు తిప్పుకునేవాళ్లు. టీవీ బ్లాక్ అండ్ వైట్ కావడంతో అందులో చొక్కాలన్నీ ఒకే బూడిద రంగు. ఎవరి చొక్కా ఏ రంగో తెలిస్తేనే ఎవరు ఏ పనిలో ఉన్నారో తెలుస్తుందని, ఎర్ర చొక్కా వేసుకుని గ్రహం మీద దిగినవాడి ప్రాణానికి పూచీ లేదని నాకు డిస్కులు వచ్చాకే అర్థమైంది. నౌక కెప్టెన్ కర్క్‌ది బంగారు రంగు చొక్కా అనుకుంటాం గానీ, అసలు గుడ్డ లేతాకుపచ్చ. ఆ లైట్ల కింద ఫిల్ము మీద బంగారు రంగుగా పడేది. కొన్ని ఎపిసోడ్లలో పక్కకు చుట్టి కట్టుకునే ఇంకో చొక్కా వేసుకుంటాడు చూడండి, అందులో పచ్చదనం దాగదు. తిరుపతిలో మా ఇంట్లో ఒక సాయంత్రం మా అమ్మ కూడా వచ్చి కూర్చుంది. మొనదేలిన చెవుల స్పాక్‌ని చూడగానే "ఆ చెవులాయన ఇంకా ఉండాడా నాయనా?" అని అడిగింది. ఆ వేషం వేసిన లియొనార్డ్ నిమాయ్ 2015లోనే పోయాడని చెప్తే చాలాసేపు మాట్లాడలేదు. ఇంగ్లిషు మాటలు ఆమెకు అప్పుడూ తెలియవు, ఇప్పుడూ తెలియవు. ఆ మనిషి మాత్రం గుర్తున్నాడు.

ఇక టీవీ సంగతి. ఈ సీరియల్ 4:3 ఆకారంలోనే ఉంటుంది, తెరకు రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి. ఇప్పటి టీవీలు కొన్ని వాటంతటవే బొమ్మను సాగదీస్తాయి. నౌక ముందున్న గుండ్రటి పళ్లెం కోడిగుడ్డులా కనిపించిందంటే సెట్టింగుల్లోకి పోయి ఆ సాగదీత ఆపేయండి. కదలికను నున్నగా చేసే మోషన్ స్మూతింగ్ లాంటివి ఉంటే అవీ తీసేయండి. ఫిల్ము మీద తీసిన బొమ్మను అవి వీడియోలా మార్చి పాడుచేస్తాయి.

కొనేముందు రీజియన్, అంటే ఆ డిస్కు ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే గుర్తు, తప్పక చూసుకోండి. బ్లూ-రేలో అమెరికా ఏ, బ్రిటన్ బీ, మనది సీ. డీవీడీ అయితే అమెరికా 1, బ్రిటన్ 2, మనకి 5. పెట్టె వెనకాల గుర్తు ఉంటుంది, ఆన్‌లైన్‌లో అయితే ఆ వైపు ఫొటో అడగండి. తిరుపతిలో దుకాణాల్లో ఇలాంటి సెట్ నాకెక్కడా కనబడలేదు, బయటి నుంచి తెప్పించుకోవాల్సిందే. ధరతో పాటు కొరియర్, కస్టమ్స్ సుంకం కూడా లెక్కేసుకోండి. ప్లేయర్ లేకపోతే డిస్కు డ్రైవు ఉన్న ప్లేస్టేషన్ 4 గానీ 5 గానీ సరిపోతుంది. పెట్టె రాగానే గీతలున్నాయేమో ప్రతి డిస్కూ వెలుతురులో వాల్చి చూడండి. బ్లూ-రేలో సమాచారం ఉండే పొర ఉపరితలానికి 0.1 మిల్లీమీటర్ లోతులోనే ఉంటుంది. మన ఎండలకు కిటికీ పక్క అల్మరాలో మాత్రం పెట్టకండి.

డబ్బు చూసుకుని మొదటి సీజన్ ఒక్కటే కొందామనుకుంటే సరే, ముందు అదే కొనండి. కానీ మూడో సీజన్‌ని వదలొద్దు. కథలు అందులో కాస్త పలచబడ్డాయన్నది నిజమే. అయినా కర్క్ రాకముందే తీసి, చానల్‌వాళ్లు కాదన్న మొదటి పైలట్, అంటే నమూనా ఎపిసోడ్, 'ద కేజ్' ఉన్నది ఆ సెట్‌లోనే. దాని రంగుల ఫుటేజీని 1966లో కత్తిరించి వేరే రెండు ఎపిసోడ్లలో వాడేశారు. 1986లో వీడియో క్యాసెట్‌గా తెచ్చినప్పుడు కొంత రంగుల్లో, కొంత బ్లాక్ అండ్ వైట్‌లో అతికించి ఇవ్వాల్సి వచ్చింది. పోయిందనుకున్న రంగుల ముక్కలు ఆ తర్వాత దొరికి, 1988లో మొదటిసారి మొత్తం రంగుల్లో టీవీలో వేశారు. మీరు చూడబోయేది ఆ పూర్తి రంగుల రూపమే.