ఎత్తు ట్రాక్‌పై కారు వెనక్కి జారితే ఫెయిలేనా?

ప్రశ్న: మొన్న డ్రైవింగ్ టెస్టులో ఎత్తు ట్రాక్ మీద ఇంజిన్ ఆగిపోయి, మళ్లీ స్టార్ట్ చేసేలోగా కారు కొద్దిగా వెనక్కి జారింది. మిగతావన్నీ బాగానే చేసినా ఫెయిల్ చేశారు. నా ముందు టెస్టుకు వెళ్లినాయనకూ ఇంజిన్ ఆగింది, కానీ ఆయన పాసయ్యారు. నేర్చుకునేవారి తప్పులను అధికారులు ఏ లెక్కన చూస్తారు?
– ఒక పాఠకురాలు, అచ్చంపేట

జవాబు: మీరు ఫెయిలవడానికి కారణం ఇంజిన్ ఆగడం కంటే కారు వెనక్కి జారడమే అయి ఉంటుందమ్మా. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోని 15వ నియమం టెస్టులో ఏమేమి చేసి చూపాలో వరుసగా చెబుతుంది. ఎత్తు మీద బండిని ఆపి, హ్యాండ్ బ్రేకును సరిగ్గా వాడుతూ, వెనక్కి జారనీయకుండా తిరిగి కదిలించాలని అందులో స్పష్టంగా ఉంది. ఇంజిన్ ఆగినా బ్రేకు మీది కాలు తీయకుండా, హ్యాండ్ బ్రేకు లాగి, న్యూట్రల్‌కు తెచ్చి నిదానంగా స్టార్ట్ చేసుకున్నవారికి బండి మీద పట్టు ఉందని అధికారికి అర్థమవుతుంది. కంగారులో బ్రేకు వదిలేస్తే ఆ నమ్మకం పోతుంది. ఇది అతి కఠినమని నేను అనుకోను. మీ ఊరి నుంచి మన్ననూరు మీదుగా శ్రీశైలం వెళ్లే ఘాట్‌లో, మలుపు దగ్గర ఆగిన కారు గజం దూరం వెనక్కి జారినా, వెనక నిండా జనంతో ఉన్న బస్సుకు తగలవచ్చు.

గేరు మార్చేటప్పుడు కాస్త కుదుపు రావడం అంత పెద్ద తప్పు కాదు. అద్దం చూడకుండా రివర్స్ చేయడం, సిగ్నల్ ఇవ్వకుండా తిరగడం మాత్రం పక్కవారి ప్రాణం మీదికి వచ్చేవి. అద్దం సరిచేసుకోవడం ఆ నియమంలో మొట్టమొదటి అంశం. సీట్లో కూర్చోగానే చేయవలసిన ఆ పనిని చాలామంది మరిచిపోతారు.

ఎత్తు మీద సాధన చేసేటప్పుడు హ్యాండ్ బ్రేకు లాగి, ఫస్ట్ గేరు వేసి, యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కుతూ క్లచ్‌ను మెల్లగా వదలండి. ఇంజిన్ శబ్దం బరువెక్కి, బానెట్ కొంచెం పైకి లేచినట్టు అనిపించిన చోట ఎడమ కాలిని అలాగే నిలిపి, అప్పుడు హ్యాండ్ బ్రేకు దించండి. ఎల్ బోర్డు పెట్టుకుని, లైసెన్సు ఉన్నవారిని పక్కన కూర్చోబెట్టుకునే ఇది చేయాలి.

మళ్లీ టెస్టుకు వెళ్లాలంటే 7 రోజులు ఆగాలి. లర్నింగ్ లైసెన్సు 6 నెలలే చెల్లుతుంది కాబట్టి, మీ గడువు చూసుకుని స్లాట్ బుక్ చేసుకోండి.