రహదారిలో ఉన్నది మన దారేనా?

సందేహం: ‘రహదారి’ అనే మాట ‘రాజదారి’ నుంచి వచ్చిందని ఒకరు, ‘రథదారి’ నుంచి వచ్చిందని ఇంకొకరు చెప్పారు. ఏది నిజం? ‘హైవే రోడ్డు’, ‘రహదారి రోడ్డు’ అనడం తప్పా? మా పొలం పాత దస్తావేజులో తూర్పు హద్దు ‘పుంత’ అని ఉంది. కొత్త దస్తావేజులో దాన్ని ‘రహదారి’ అని మార్చి రాయించవచ్చా? దారి, బాట, తోవ, పుంత, డొంక అన్నీ ఒకటే కదా?

సమాధానం: రాజూ కాదు, రథమూ కాదు. ఇంకా చిత్రం, ఆ మాట చివర ఉన్న ‘దారి’ మన దారి కూడా కాదు.

పారసీలో (పర్షియన్ భాషలో) ‘రాహ్’ అంటే బాట, ‘దార్’ అంటే కలిగినవాడు, చూసుకునేవాడు. జమీన్ ఉన్నవాడు జమీందారు, జాగీరు ఉన్నవాడు జాగీర్దారు. అలాగే బాట మీద కాపలా ఉండి సుంకం వసూలు చేసేవాడు రాహ్‌దార్. జమీందారు పని జమీందారీ అయినట్టే రాహ్‌దార్ పని రాహ్‌దారీ. అంటే రహదారి మొదట బాట పేరు కాదు, బాట మీద కట్టే సుంకం పేరు. మొగలుల కాలంలో సరుకు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి కదలాలంటే ఈ రాహ్‌దారీ కట్టాల్సిందే. ఔరంగజేబు గద్దెనెక్కిన తొలినాళ్లలోనే దీన్ని రద్దు చేశాడు గానీ, చాలాచోట్ల జాగీర్దార్లు వసూలు మానలేదు.

అచ్చతెలుగు దారినీ ఈ పారసీ దారీనీ వేరుచేయడానికి చిన్న పరీక్ష ఉంది. చివరి ‘దారి’ని ‘దారు’గా మార్చి చూడండి. మనిషి కనిపిస్తే అది పారసీ దారీ. జమీందారీ, జమీందారు – మనిషి ఉన్నాడు. అడ్డదారి, దొడ్డిదారి, పెడదారి తీసుకుంటే అడ్డదారు, దొడ్డిదారు అనేవాళ్లు ఎక్కడా లేరు (ఆ దారుల్లో నడిచేవాళ్లకు కొదవ లేకపోయినా). రహదారికి ఆ మనిషి పారసీలో ఉన్నాడు, మన దాకా రాలేదు. చిక్కంతా అక్కడే. జమీందారు మన కళ్ల ముందు ఉన్నాడు కాబట్టి జమీందారీని ఎవరూ జమీన్‌కు వెళ్లే దారి అనుకోలేదు. రాహ్‌దార్ కనుమరుగయ్యాడు కాబట్టి రహదారి చెవికి ‘ఏదో ఒక దారి’గానే వినిపించింది.

ఇరుగుపొరుగు భాషలను చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. కన్నడంలో ఇప్పటికీ ‘రహదారి’ అంటే అనుమతిపత్రం. అక్కడ బండికి ఇచ్చే పర్మిట్‌ను రహదారి అంటారు. హైవేకు వాళ్ల మాట ‘హెద్దారి’, అంటే హిరిదు (పెద్ద) + దారి. కన్నడంలోనూ మనలాగే ‘దారి’ ఉంది కనుక పెద్దదారికి ఒక మాట, చీటీకి ఇంకో మాట పెట్టుకుని రెంటినీ కలవనివ్వలేదు. మరాఠీలో ‘రహదారీ’ అంటే రాకపోకలు, ట్రాఫిక్. ఉర్దూలో ‘రాహ్‌దారీ’ నడవా, కారిడార్. 2019లో తెరిచిన కర్తార్‌పూర్ కారిడార్‌ను పాకిస్తాన్ ఉర్దూలో కర్తార్‌పూర్ రాహ్‌దారీ అనే అంటారు. ఇరాన్‌లో నేటి పారసీలో అదే మాటకు రోడ్ల నిర్వహణ అని అర్థం. ఇన్ని భాషల్లోనూ రాకపోకల చుట్టూనే తిరిగిన మాట మన దగ్గరికి వచ్చేసరికి సాక్షాత్తూ రోడ్డే అయిపోయింది.

అయితే ఆ పాత వాసన తెలుగులోనూ పూర్తిగా పోలేదు. హకారం జారిపోయి ‘రాదారి’ అన్న రూపం మనకుంది. గోదావరి, కృష్ణా కాలవల మీద జనాన్ని ఎక్కించుకు తిరిగిన పడవను రాదారి పడవ అన్నారు. పడవ నడిచేది నీళ్ల మీద, అక్కడ రోడ్డు అన్న అర్థం పొసగదు. ప్రయాణికులు దిగే సర్కారు బసను రాదారి బంగళా అన్నారు. ఇక్కడా రాదారి అంటే ప్రయాణమే.

మరి ‘జాతీయ రహదారి’ తప్పా అంటే, కాదు. చెవి పొరపాటు పడితే పడింది, ఆ పొరపాటు తెలుగు జనమంతా కలిసి పడ్డారు. అది స్థిరపడిపోయింది. పదహారో నంబరు జాతీయ రహదారి అంటే కోల్‌కతా నుంచి శ్రీకాకుళం, విజయవాడ, నెల్లూరు మీదుగా చెన్నై వెళ్లే రోడ్డని అందరికీ తెలుసు (పాత నంబరు అలవాటైన వాళ్లు ఇంకా ‘ఐదో నంబరు రోడ్డు’ అంటారు, అది వేరే సంగతి). దాన్ని హిందీ చూసి ‘రాజమార్గం’గా మార్చనక్కర్లేదు. అచ్చతెనుగు కావాలనుకునేవాళ్లకు ‘రాచబాట’ ఉంది, పద్యంలో బాగుంటుంది, మైలురాయి మీద నప్పదు. ఒకటి మాత్రం గమనించండి: మాట అసలు అర్థం ప్రకారం ఇవాళ రహదారి అనాల్సింది రోడ్డును కాదు, టోల్‌గేటు దగ్గర ఫాస్టాగ్ నుంచి కోసుకునే సొమ్మును.

‘హైవే రోడ్డు’, ‘రహదారి రోడ్డు’ నోటి మాటలో వస్తే పట్టించుకోనక్కర్లేదు. పరాయి మాట పక్కన తెలిసిన మాటను ఊతగా పెట్టుకోవడం జనానికి అలవాటే. రాతలో మాత్రం ఒకటి తీసేయండి. ‘చౌరస్తా కూడలి’ కూడా అలాంటిదే, చౌరస్తా అంటేనే నాలుగు రస్తాలు కలిసే చోటు. ఇక ‘రోడ్డు’ను పరాయి మాటగా చూడటం అనవసరం. ‘వీధిన పడ్డాడు’ పక్కన ‘రోడ్డున పడ్డాడు’ వచ్చి కూర్చుంది, పలుకుబడిలోకి దిగిన మాటను వెళ్లగొట్టలేం.

దారి, బాట, తోవ ఒకటేనా? నడవడానికి ఒకటే, వాడుకకు కాదు. దారి అచ్చంగా మన మాట. బాటకు మరాఠీ వాట, హిందీ బాట్, కన్నడ బట్టె చుట్టాలు. ఇవి సంస్కృతం ‘వర్త్మ’ ప్రాకృతంలో ‘వట్ట’ అయిన వరసలోవి. తోవ ‘త్రోవ’కు వాడుక రూపం. క్రింద కింద అయినట్టు, ప్రొద్దు పొద్దు అయినట్టు రేఫ పోయింది, కనుక తోవ అని రాయడం తప్పు కాదు. తెలంగాణలో అదే ‘తొవ్వ’. జాతీయాల దగ్గరకు వచ్చేసరికి ఒకదాని చోటు ఇంకొకటి ఇవ్వదు. పిల్లవాడు దారికొస్తాడు, బాటకు రాడు. ఉద్యోగులు సమ్మెబాట పడతారు, సమ్మెదారి పట్టరు. మాట ఘర్షణకు దారితీస్తుంది, తోవతీయదు. ఇంకో పాత మాట ‘తెరువు’. తమిళంలో తెరు, మలయాళంలో తెరువు అంటే వీధి. మన కావ్యాల్లో బాటసారి ‘తెరువరి’. మిగతాచోట్ల ఆ మాట చచ్చిపోయినా బతుకుతెరువులో (పత్రికల్లో బతుకుదెరువు) బతికే ఉంది. అది తలుపు తెరవడం నుంచి వచ్చిందని కొందరు అనుకుంటారు. కాదు, అది బతుకు నడిచే దారి.

డొంక దగ్గర కొంచెం జాగ్రత్త. ‘తీగ లాగితే డొంక కదిలింది’లో డొంక పొద. ‘డొంకదారి’లో డొంక చేల మధ్య, రెండు పక్కలా కంపలు పెరిగి, పొలం మట్టానికి పల్లంగా ఉండే బండిబాట. వానాకాలం అది బాటా కాదు వాగూ కాదు. తిన్నగా పోదు కనుకనే సూటిగా చెప్పని మాట డొంకతిరుగుడు అయింది. గుంటూరు నగరంలో డొంక రోడ్డు అనే పేరు ఇప్పటికీ ఉంది. గోదావరి జిల్లాల్లో దీనికే పుంత అని పేరు. అక్కడి ఊళ్లలో పుంతలో ముసలమ్మ గుళ్లు ఆ బాట పక్కన వెలసినవే. తెలంగాణలో బండ్ల బాట.

దస్తావేజులో మాత్రం ‘పుంత’ తీసి ‘రహదారి’ పెట్టకండి. పుంత, డొంక, బండ్ల బాట అనేవి రెవెన్యూ లెక్కల్లో పోరంబోకు కింద ఆ పేర్లతోనే నమోదై ఉంటాయి. రహదారి అంటే చదివేవాడు రోడ్లు, భవనాల శాఖ రోడ్డో, హైవేనో అనుకుంటాడు. సర్వేయరు గ్రామపటం పట్టుకుని లేని రోడ్డు కోసం వెతుకుతాడు. పాత దస్తావేజులో ఒక హద్దు, కొత్తదాంట్లో ఇంకో హద్దు ఉంటే అప్పు ఇచ్చే బ్యాంకు వకీలు మొదట అడిగేది దాని గురించే. పాత మాటను అలాగే ఉంచి, ఇప్పుడు దాని మీద సిమెంటు పడి ఉంటే పక్కన ఆ ముక్క చేర్చండి: ‘తూర్పు: పుంత, ప్రస్తుతం పంచాయతీ సిమెంటు రోడ్డు’.