సోలార్ హీటర్‌లో మోటారు లేకుండా వేడినీళ్లు పైనున్న ట్యాంకులోకి ఎలా వెళ్తాయి?

తిరుపతిలో మిద్దెల మీద కనిపించే సోలార్ హీటర్లలో చాలావాటికి మోటారు ఉండదు. నీళ్లను తిప్పేది ఉష్ణ సంవహనమే, అంటే వేడి తేడా వల్ల నీళ్లు తమంతట తామే కదలడం. 30 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు సుమారు 996 గ్రాములు తూగితే, 60 డిగ్రీల దగ్గర 983 గ్రాములే. ఆ కొద్ది తేడా చాలు: ప్యానెల్‌లో కాగిన నీళ్లు తేలికై పైకెక్కుతాయి, ట్యాంకు అడుగునున్న చన్నీళ్లు ఆ చోటుకు దిగుతాయి. ఎండ ఉన్నంతసేపూ ఇది ఆగదు.

ఫ్లాట్ ప్లేట్ రకంలో (గాజు గొట్టాలు కాకుండా బల్లపరుపు ప్యానెల్ ఉండేది) ట్యాంకు అడుగు భాగం, ప్యానెల్ పై అంచు కంటే కనీసం ఒక అడుగు ఎత్తులో ఉంటే మంచిది. లేదంటే రాత్రి ప్యానెల్‌లో నీళ్లు చల్లారి బరువెక్కి, ప్రవాహం ఎదురు తిరుగుతుంది. తెల్లారేసరికి ట్యాంకులో వేడి ఉండదు.

పైపు బిగించేటప్పుడే అసలు జాగ్రత్త కావాలి. వేడినీళ్ల పైపు ట్యాంకు దాకా ఎక్కుతూనే పోవాలి. మధ్యలో ఎక్కి దిగిన చోట గాలి చేరి దారి మూసేస్తుంది. బోరు నీళ్ల సున్నం పేరుకున్నా అంతే. ప్యానెల్ కాలిపోతూ ట్యాంకు చల్లగా ఉంటే ముందు ఈ రెండూ చూడండి.

గాలిదీ ఇదే దారి. వేడిగాలి కప్పు కిందికి చేరుతుంది కాబట్టే వెంటిలేటర్ పైన పెడతారు. కింద కిటికీలు, తలుపులు మూసేస్తే కొత్త గాలి రాదు, పైది సరిగా బయటికి పోదు.