యాభై చీరల ప్రశ్న

తారనాక, హైదరాబాద్

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో పంపిన పరిశోధన ప్రణాళిక సినాప్సిస్సూ చేరాయి. రెండుసార్లు చదివాను. వాణిజ్యం, న్యాయం, లలితకళలు ఈ మూడింటినీ కలిపి పరిశోధన చేయాలన్న నీ కోరిక నాకు ఎంతో సంతోషం కలిగించింది. అయితే ‘తెలంగాణలో సృజనాత్మక పరిశ్రమలు: చట్టపరమైన, వాణిజ్యపరమైన అధ్యయనం’ అని నీవు పెట్టుకున్న శీర్షిక దగ్గరే నిన్ను ఆపవలసి వస్తోంది. ఆ శీర్షిక కింద నలుగురు మనుషులు జీవితమంతా పనిచేయవచ్చు గాని, ఒక మనిషి కొన్నేళ్లలో ముగించగలిగిన ప్రశ్న మాత్రం అందులో ఒక్కటీ లేదు.

ముప్పై ఏళ్లకు పైగా న్యాయశాస్త్రం బోధించిన దాన్ని కనుక నా తొలి తప్పు నీకు చెప్పాలి. చేనేత మీద నేను రాసిన మొదటి పెద్ద పరిశోధన నివేదికలో ఒక అధ్యాయం చట్టానికి, ఒకటి మార్కెట్టుకు, ఒకటి కళకు పంచి, చివర పది పేజీల ముగింపుతో మూడింటినీ కుట్టాను. దానిని పరిశీలించిన ముగ్గురు పండితులూ ఒకే రకంగా రాశారు: మిగతా రెండు అధ్యాయాలూ బాగున్నాయి, మా శాస్త్రానికి చెందినది మాత్రం బలహీనంగా ఉంది. ఆ మాటలకు నేను చాలాకాలం బాధపడ్డాను. వారు చెప్పినది నిజమని ఒప్పుకోవడానికి ఇంకా ఎక్కువకాలం పట్టింది. ఒక్కొక్క శాస్త్రం నుంచీ దాని పైపై మాటలు తెచ్చుకున్నాను తప్ప, అది దేనిని రుజువుగా అంగీకరిస్తుందో తెలుసుకోలేదు.

అందుచేత శాస్త్రాల పేర్లతో కాక, చేతితో పట్టుకోగలిగిన ఒక వస్తువుతో మొదలుపెట్టు. నా వద్ద ఉన్న ఉదాహరణ పోచంపల్లి చీర. నూలును ముందుగా కట్లు కట్టి, రంగులలో ముంచి, ఆ తరువాత నేయడం వల్ల ఏర్పడే అల్లికే ఇకత్; దానిని అక్కడివారు చిటికి అని కూడా అంటారు. పడుగు (నిలువు నూలు), పేక (అడ్డం నూలు) రెండింటినీ అలా కట్టి రంగు వేసి నేసే చీరకు ఎంత లెక్క, ఎంత ఓర్పు కావాలో మగ్గం పక్కన కూర్చుంటే తప్ప అర్థం కాదు. ఆ ఒక్క చీర మీద ఎన్ని చట్టాలు వాలుతున్నాయో గమనించు. కొన్ని రకాల వస్త్రాలను చేనేతకే కేటాయించిన 1985 నాటి చట్టం ఒకటి. 1999లో ఆమోదం పొంది 2003 సెప్టెంబరు 15 నుంచి అమలులోకి వచ్చిన భౌగోళిక సూచికల (జీఐ) చట్టం, అంటే ఒక ప్రాంతానికి చెందిన సరుకు పేరును కాపాడే చట్టం, మరొకటి. ఇవికాక 2000 నాటి డిజైన్ల చట్టం, 1957 నాటి కాపీరైటు చట్టం ఉన్నాయి. భౌగోళిక సూచికగా మన దేశంలో మొట్టమొదట నమోదైన కొద్ది పేర్లలో పోచంపల్లి ఇకత్ ఒకటి.

చాలామంది విద్యార్థులు ఈ భౌగోళిక సూచిక దగ్గరే ఆగిపోతారు. ఆ నమోదు కాపాడేది ప్రధానంగా పేరునూ, ఆ ఊరినుంచి వచ్చినదన్న సూచననూ, బొమ్మను కాదు. ఇకత్ గళ్లను గుడ్డ మీద అచ్చు వేసి, పోచంపల్లి అన్న మాటగాని, ఆ భావన కలిగించే గుర్తుగాని వాడకుండా అమ్మే వ్యాపారిని ఆ చట్టం కింద పట్టుకోవడం కష్టం. అప్పుడు బొమ్మను కాపాడేది ఏది అన్న ప్రశ్న వస్తుంది. తరతరాలుగా వస్తున్న నమూనా కొత్తది కాదు కనుక డిజైన్ల చట్టం కింద నమోదుకు నిలవదు. ఒక నేతగాడు కొత్తగా గీసిన నమూనా అయితే నమోదు చేయించుకోవచ్చు. దానికి మొదట 10 ఏళ్లు, పొడిగించుకుంటే మరో 5 ఏళ్లు రక్షణ ఉంటుంది. నమోదు చేయించకపోతే కాపీరైటు చట్టంలోని 15వ సెక్షను రెండవ ఉపవిభాగం ముందుకు వస్తుంది. నమోదుకు అర్హత ఉండీ నమోదు కాని డిజైనును, దాని హక్కుదారు గాని, ఆయన అనుమతితో మరొకరు గాని, ఒక వస్తువు మీద పారిశ్రామిక ప్రక్రియ ద్వారా యాభైసార్లకు మించి పునరుత్పత్తి చేస్తే ఆ డిజైనులో కాపీరైటు అంతటితో ముగిసిపోతుందని అది చెబుతుంది.

ఈ యాభై అన్న అంకె దగ్గర కాసేపు కూర్చో అమ్మా. నీ పరిశోధన ఇక్కడ ఉండగలదు.

చేతిమగ్గం మీద నేయడం ‘పారిశ్రామిక ప్రక్రియ’ అవుతుందా? డిజైన్ల చట్టం తన నిర్వచనంలో చేతితో చేసినా, యంత్రంతో చేసినా, రసాయనికంగా చేసినా అని స్పష్టంగా కలుపుకుంది; కాపీరైటు చట్టంలోని ఆ ఉపవిభాగంలో ఆ వివరణ లేదు. ఇది న్యాయశాస్త్రపు ప్రశ్న. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ సెక్షను మీద ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. ఆ వివాదం ద్రవరూప సహజవాయువును మోసే ట్రెయిలర్ల డ్రాయింగుల గురించినదే అయినా, చీర మీద పరిశోధన చేసేవారు దానిని అక్షరం వదలకుండా చదవాలి. ఇక రెండవది: యాభై చీరలు ఎంతకాలంలో తయారవుతాయి? ఒకే మగ్గం ఉన్న కుటుంబానికి ఆ అంకె చేరడానికి పట్టే కాలం వేరు, పదుల మగ్గాలకు నూలు ఇచ్చి కూలికి నేయించే మాస్టర్ వీవర్‌కు పట్టే కాలం వేరు. నమూనా గీసినది ఒకరు, పెట్టుబడి మరొకరిది, నేత ఇంకొకరిది అయినప్పుడు హక్కు ఎవరిదన్నది వారి మధ్య నడిచే నోటిమాట ఒప్పందాలను, అడ్వాన్సులను, కూలి లెక్కలను చూస్తే గాని తేలదు. ఇది వాణిజ్య ప్రశ్న. మూడవదే అన్నిటికంటే కఠినమైనది. యాభై ఒకటవ చీర, మొదటి చీర ఒకే డిజైనేనా? అంచు రంగు మారింది, కొంగులో ఒక వరుస జరిగింది, కట్టు బిగువు తేడా వల్ల గళ్ల అంచులు మరో తీరుగా అలుక్కున్నాయి. దేనిని మార్పుగా లెక్కించాలో, దేనిని అదే నమూనాగా చూడాలో చెప్పగలిగేది కళ తెలిసిన కన్ను మాత్రమే. మూడింటిలో ఏ ఒక్కటి తీసివేసినా మిగిలిన రెండూ జవాబు చెప్పలేవు. నీ ప్రశ్న అటువంటిదై ఉండాలి.

ఒకే మాట మూడు చోట్ల మూడు అర్థాలలో తిరుగుతుందన్న సంగతి మొదటి నుంచీ గుర్తుంచుకో. ‘మౌలికత’, అంటే ఒరిజినాలిటీ, అన్న మాటనే తీసుకో. కోర్టు తీర్పులను సవరించి, శీర్షికలు చేర్చి ప్రచురించే సంస్థ విషయంలో 2007 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పిన దాని ప్రకారం, కేవలం శ్రమ, ఖర్చు పెట్టినంత మాత్రాన మౌలికత రాదు, కనీసపు సృజన ఉండాలి. దుకాణదారు ‘ఒరిజినల్ పోచంపల్లి’ అన్నప్పుడు ఆయన ఉద్దేశం అది అక్కడ నేసినదని. కథల పటాలు గీసే చేర్యాల నకాషీ చిత్రకారుని దగ్గర కూర్చుంటే మరొక అర్థం వినిపిస్తుంది. ఖాదీ బట్టకు చింతగింజల జిగురు, గంజి, సుద్ద పట్టించి, ఎర్రని నేపథ్యం మీద కథను వరుసగా గీసే ఆ పటంలో, తాతలు నిలిపిన కొలతకు కట్టుబడి గీయడమే గొప్పతనం. నేతపని చేసే పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు పటం గీయించుకునేటప్పుడు కొత్తదనం కోరలేదు, కథ సరిగ్గా ఉండాలని కోరారు. చట్టం ఏ మౌలికతకు రక్షణ ఇస్తుందో, ఆ సంప్రదాయం దేనికి గౌరవం ఇస్తుందో, ఈ రెండింటికీ ఉన్న దూరాన్ని నీవు ఒక్క అధ్యాయంలో నిజాయతీగా చూపగలిగినా నేను సంతోషిస్తాను. అందువల్ల ప్రతి ముఖ్యమైన మాటకూ మూడు అర్థాలు రాసుకునే ఒక నోటుపుస్తకం ఈ రోజే మొదలుపెట్టు.

ఇల్లు మాత్రం ఒక్కటే ఉండాలి. పట్టా ఏ శాఖ నుంచి తీసుకుంటావో ఆ శాఖ పరీక్షకుడు ఏ ప్రశ్న వేసినా తడబడకుండా నిలబడాలి. మిగతా రెండు శాఖలలో గౌరవనీయమైన అతిథిగా మెలగాలి. నీవు ఎల్ఎల్ఎం చేశావు కనుక నీ ఇల్లు న్యాయశాస్త్రం. 2022 నాటి యూజీసీ నిబంధనలు వేరే శాఖ నుంచి గాని, వేరే సంస్థ నుంచి గాని సహ పర్యవేక్షకులను తీసుకోవడానికి వీలు కల్పించాయి. దానిని తప్పక వాడుకో. కాని ఇద్దరు గైడ్‌లనూ విడివిడిగా కలిసి, ఒకరు చెప్పినది మరొకరికి మోసే పని పెట్టుకోవద్దు. మూడు నెలలకు ఒకసారైనా ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని నీ రాతను చూడాలి. ఎవరు ఏ అధ్యాయం చూస్తారో, వ్యాసం ప్రచురిస్తే ఎవరి పేర్లు ఏ క్రమంలో ఉంటాయో మొదటి ఏడాదిలోనే కాగితం మీద పెట్టించు. న్యాయశాస్త్రంలో వ్యాసం సాధారణంగా ఒక్కరి పేరుతో వస్తుంది, వాణిజ్య శాఖలో ముగ్గురు నలుగురు కలిసి రాయడం మామూలు; ఈ తేడా ముందుగా మాట్లాడుకోకపోతే మనసులు కష్టపడతాయి.

అవే నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు. కోర్సువర్కుకు కనీసం 12 క్రెడిట్లు. ఆ క్రెడిట్లలో వీలైనన్ని నీకు రాని శాస్త్రం నుంచి తీసుకో. మన నగరంలో న్యాయ విశ్వవిద్యాలయం నల్సార్ శామీర్‌పేటలో ఉంది, వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయం మాసబ్‌ట్యాంకులో ఉంది, కేంద్రీయ విశ్వవిద్యాలయపు సరోజినీ నాయుడు కళల విభాగమూ, ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్సూ గచ్చిబౌలి వైపు ఉన్నాయి. ఇన్ని సంస్థలు ఒకే నగరంలో ఉండడం అదృష్టమే గాని, ఒకదాని నుంచి మరొకదానికి వెళ్లే దారి చాలా పొడవు. ఆ ప్రయాణానికి వారంలో ఒక రోజు పూర్తిగా కేటాయించుకో.

క్షేత్రపరిశీలన గురించి కొంచెం విపులంగా రాస్తాను. మొదటిసారి పోచంపల్లి వెళ్లినప్పుడు నేను ఇంటింటా ‘మీ నెల ఆదాయం ఎంత’ అని అడిగాను. ఎవరూ సరైన జవాబు ఇవ్వలేకపోయారు. వారు దాచలేదు, వారి లెక్క నెలతో నడవదు. పడుగు మగ్గం ఎక్కిన రోజు నుంచి దిగే రోజు వరకు ఒక లెక్క, అందులో ఎన్ని చీరలు, ఎవరి నూలు, ముందుగా తీసుకున్న డబ్బు ఎంత, ఆసు పోసిన, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పి సిద్ధం చేసిన, ఇంటి ఆడవారి పని అందులో కలిసిందా లేదా అని అడగాలి. చింతకింది మల్లేశం గారు తన తల్లి పడిన కష్టం చూసి ఆసు యంత్రం చేశారని, అందుకు 2017లో పద్మశ్రీ వచ్చిందని అందరూ చెబుతారు. కాని ఆ పనికి అంతకుముందు కూలి లెక్క కట్టారా అన్నది పరిశోధకురాలిగా నీవు అడగవలసిన ప్రశ్న.

మాట్లాడే ముందు వారి సమ్మతి తీసుకో, అదీ వారికి అర్థమయ్యే తెలుగులో. పని మానుకుని నీతో కూర్చున్న గంటకు కూలి నష్టం వారిదని మరవద్దు. అన్నిటికంటే ముఖ్యంగా, ఇంకా మార్కెట్టులోకి రాని నమూనాల ఫొటోలు నీ సిద్ధాంత గ్రంథంలో పెట్టవద్దు. పీహెచ్‌డీ గ్రంథాలను అందరికీ అందుబాటులో ఉంచే శోధ్‌గంగ వెబ్‌సైటులో నీ గ్రంథం చేరిన రోజు నుంచి దానిని ఎవరైనా చూడవచ్చు, అచ్చు వేసేవారు కూడా చూడవచ్చు. నకలు గురించి రాసిన పుస్తకమే నకలుకు దారి చూపితే ఆ కుటుంబాలకు మనం సమాధానం చెప్పుకోలేము.

ఆధారాలు చేతికందే దూరంలోనే ఉన్నాయి. చెన్నైలోని భౌగోళిక సూచికల రిజిస్ట్రీ తన జర్నలులో దరఖాస్తులను ప్రచురిస్తుంది. అధీకృత వినియోగదారుల, అంటే ఆ పేరు వాడుకునే హక్కు నమోదైనవారి, పేర్లు రిజిస్టరు ‘బి’ భాగంలో ఉంటాయి. సంఘం పేరిట నమోదు ఉండడం వేరు, నేసే మనిషి పేరు ఈ భాగంలో చేరడం వేరు. ఆ అంతరాన్ని ముందుగా లెక్కించి చూడు. దొరకని వివరాలకు 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టు. కేంద్ర కార్యాలయాలకు రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. ప్రశ్న ఎంత చిన్నదిగా, ఎంత సూటిగా ఉంటే జవాబు అంత ఉపయోగకరంగా వస్తుంది. పాత పటాల కోసం జగదీశ్, కమలా మిత్తల్ మ్యూజియం వారికి ముందుగా ఉత్తరం రాసి అనుమతి తీసుకో.

రాసేటప్పుడు అధ్యాయాలను శాస్త్రాల వారీగా విభజించవద్దని నీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. నమూనా పుట్టిన చోట ఒక అధ్యాయం, అది మగ్గాల మీద పెరిగిన చోట ఒకటి, నకలు ఎదురైన చోట ఒకటి, వివాదం కోర్టుకు చేరిన చోట లేదా చేరకుండా ఆగిపోయిన చోట ఒకటి. ప్రతి అధ్యాయంలోనూ మూడు రకాల సాక్ష్యం ఉండాలి, అయితే సమపాళ్లలో ఉండనక్కరలేదు. నా అంచనాలో, కోర్టుకు చేరకుండా ఆగిపోయిన వివాదాల అధ్యాయమే నీ గ్రంథానికి ప్రాణం అవుతుంది, ఎందుకంటే తీర్పుల సంపుటాలలో వాటి జాడ ఉండదు.

సినాప్సిస్‌ను పక్కన పెట్టి, ఒకే ఒక్క ప్రశ్నను ఒక్క పేజీలో రాసి పంపు. అది చూశాక, వచ్చే నెలలో ఒక ఆదివారం ఉప్పల్‌లో కలుసుకుని పోచంపల్లికి వెళదాం. నాకు తెలిసిన ఒక ఇంట్లో కొత్త పడుగు ఎక్కబోతోంది. దాని మీద వచ్చే మొదటి చీర నుంచి నీ లెక్క మొదలుపెట్టవచ్చు. అమ్మకు, నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమ్మ